బాషాను మళ్లీ పిలవడానికి పోయిన రోజు

శనివారం, రాత్రి

నోటితో అంటే ఇల్లు రచ్చవుతుంది. అందుకే ఇన్నాళ్లకు పెన్ను పట్టినాను.

మా ఆయన బ్యాండు మళ్లీ పాత రాక్ అండ్ రోల్ వాయిస్తుందట. "మూలాలకు పోతాండాం" అని పొద్దున్నుంచి ఒకటే గొప్పలు. వయసులో ఉన్నప్పుడు ప్రొద్దుటూరు పెళ్లిళ్లలో ఆ పాటలకు జనం కుర్చీలు జరిపి మరీ ఎగిరేవాళ్లు. తర్వాత వీళ్లకు జ్ఞానం ఎక్కువై ప్రోగ్రెసివ్ రాక్ అన్నారు. అరగంట పాట, మధ్యలో ఎన్నిసార్లు తాళం మారుతుందో వాళ్లకే తెలియదు. వినేవాళ్లు భోజనాలకు లేచిపోయేవాళ్లు. డ్రమ్ములు వాయించే బాషాకు ఒక్క దరువే వచ్చని అప్పుడే పంపించేశారు.

ఇప్పుడు ఆ దరువే కావాల్సొచ్చింది. జమ్మలమడుగులో బాషా ఇంటికి నన్నూ వెంటబెట్టుకుపోయాడు. నేనుంటే బాషా కాదనలేడని ఆయన తెలివి! పళ్లు, తాంబూలం మోసింది నేను. తప్పయిందన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు.

"కాన్సెప్ట్ మారిందప్పా, రా," అన్నాడు.

బాషా నవ్వినాడు. "నాకొచ్చేది ఒక్కటే కదన్నా. అది మంచిదని తెలిసేదానికి మీకు ఇన్నేండ్లు పట్టిందా?" నా వైపు తిరిగినాడు. "వదినా, నువ్వే చెప్పు. రానా?"

"వద్దు బాషా. మళ్లీ పంపించేస్తారు," అన్నాను.

బాషా రానన్నాడు. తిరుగు బస్సులో ఆయన నన్ను వదిలి ముందు సీట్లో కూర్చున్నాడు. కూర్చుంటే నాకేం! నిజమే చెప్పినాను. కానీ నేను నోరు తెరిచేటప్పటికే బాషా వేళ్లు మోకాలి మీద దరువు వేస్తున్నాయి. నా మాటకు ఆగిపోయినాయి. మా ఆయన అది చూడలేదు.

ఆంజనేయస్వామీ, ఈ పేజీ నీ పటం వెనక పెడుతున్నాను. పోనీయకుండా దాచు. ఎవరి కంటా పడనీయొద్దు.