మొదటి గునపం

తాల్‌బగీచా, ఖరగ్‌పూర్

చిరంజీవి సత్యవాణికి నాన్న మనసారా దీవించి రాసేది ఏటంటే, ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. నువ్వూ అల్లుడు గారూ పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

ఫోనున్నా నాకోసం కూర్చుని ఉత్తరం రాసినావు తల్లీ. మేయరు ముద్ర ఉన్న కవరు చూసి పోస్టుమేన్ దాదా రెండు చేతులతో అందించినాడు. గోల్‌బజార్లో చేపల దాదా నన్ను పేరెట్టి పిలవడం మానేసి 'మేయర్ బాబా', అంటే మేయరు నాన్న, అంటన్నాడు. రైల్వే వర్క్‌షాపులో జీవితమంతా ఇనుము కొట్టినవాడి కూతురు ఒక ఊరికి మేయరయిందంటే నాకు నేల మీద కాలు నిలవడం లేదు.

నా మోకాలు గురించి అడిగినావు. రైల్వే ఆస్పత్రి మందుతో నెమ్మదించింది. మీ అమ్మకి షుగరు అదుపులోనే ఉంది, నోరే అదుపులో లేదు.

నువ్వు చేయదలచిన పనులు రాసినావు. కొండవాలు ఇళ్ళకి కుళాయి నీళ్ళు, బజార్లో ఆడవాళ్ళకి మరుగుదొడ్లు, తోపుడుబళ్ళని తరిమెయ్యకుండా వాటికో చోటు, పూడిపోయిన చెరువు మళ్ళీ తవ్వించడం. మీ అమ్మకి బిగ్గరగా చదివి వినిపించినాను. మరుగుదొడ్ల మాట దగ్గర ఆపి, మళ్ళీ చదవమంది. అన్నిట్లో ముందు ఏది పట్టుకోను నాన్నా అని అడిగినావు. చదువుకున్న ఆఫీసర్లు అంతమంది ఉండగా నన్నడిగినావు. అది చదివి ఏడ్చినాను. అందులో ఆనందం సగమే తల్లీ. మిగతా సగం చెప్తాను, కోప్పడకు.

నీ ఉత్తరం రాకముందు మీ ఊరి నుంచి నూకరాజు అని ఒకాయన మన ఇంటికి వచ్చినాడు. గుమ్మంలోంచే "బాబాయ్, మనది ఒకే వైపు, పాలకొండ దగ్గిర" అన్నాడు. మన యాస మాట్లాడేవాడు గుమ్మంలోకొస్తే నాకు ఇంకేమీ కనిపించదని నీకు తెలుసు. భోజనం పెట్టినాం. వెళ్ళేటప్పుడు తాంబూలంలో మీ అమ్మకి పట్టుచీర, నాకు జరీ పంచె పెట్టినాడు. కల్యాణ మండపం కడతన్నాడట, స్థలం మీద కార్పొరేషన్‌వాళ్ళు ఏదో పేచీ పెడుతున్నారట. "అమ్మాయి మీ మాట కాదనదు కదా బాబాయ్" అన్నాడు. ఉబ్బిపోయినాను. నా కూతురు నా మాట దాటదని అతని చేతిలో చెయ్యేసి మాటిచ్చేసినాను. ఏ స్థలమని అడగనైనా లేదు.

మీ అమ్మ అప్పుడే అంది, "కూతురు మేయరయితే తమరు కమిషనరయిపోనారా?" అని. నవ్వేసినాను.

ఆ తరవాత నీ ఉత్తరం. చెరువు సగం పూడ్చి ఒకాయన మండపానికి పునాదులేసినాడని, మొన్నటి వానకి నీళ్ళు పోయే దారిలేక పక్క కాలనీ మునిగిందని, దోర్కమ్మ అనే ఆవిడ చంటిపిల్లని నెత్తిన పెట్టుకుని నీళ్ళు తగ్గేదాకా నిలబడిందని రాసినావు. పునాదులేసినవాడి పేరు దగ్గరకొచ్చేసరికి చదవడం ఆపేసినాను.

"ఆగిపోనారేటి, సదవండి" అంది మీ అమ్మ.

చదివినాను. ఆవిడ లేచెళ్ళి ఆ చీర, పంచె కాయితంలో చుట్టి కట్టేసింది. నాలుగు తిట్టినా బాగుండును.

అందుకే ముందేది అంటే, ఆ చెరువే పట్టుకో. నూకరాజు ఈపాటికి వచ్చి నా పేరు చెప్పే ఉంటాడు. మాటిచ్చింది నేను, నువ్వు కాదు. దాన్ని నిలబెట్టొద్దు. గోవిందరావు మాటకి విలువ లేదని మనవైపు నలుగురూ అనుకుంటారు. నాకు గుచ్చుకుంటుంది, అబద్ధమాడను. అయినా అనుకోనీ. నా గొప్ప కోసం ఆ పిల్ల మళ్ళీ నీళ్ళలో ఉండాలా?

తవ్వకం మొదలెట్టే రోజున మొదటి గునపం నా చేత వేయిస్తానని రాసినావు. వస్తాను తల్లీ. రైలు దిగి ముందు నూకరాజు ఇంటికెళ్ళి, ఆ పొట్లం అతనికిచ్చేసి, తరవాతే చెరువు దగ్గరకొస్తాను. కానీ గునపం నాకియ్యకు. అతని చేతిలో వేసిన చెయ్యి ఇది. దోర్కమ్మకియ్యి. నేను వెనకాల జనంలో నిలబడి చూస్తాను.

ఇట్లు,
నిన్ను చూసుకుని మురిసే
నీ నాన్న
గోవిందరావు