ఒడిబియ్యం పోసిన కెమెరా సంచి

షామీర్‌పేట,
మే 1998

తమ్ముడు రవీందర్‌కు,

ఫోన్ల తిడితే పెట్టేస్తవని రాస్తున్న. మొత్తం సదువు.

స్టూడియోకు స్పంజి ఉన్న కెమెరా బ్యాగు కొంటనంటే ఏమన్నవ్? "సంచి సంచే గదక్కా, గంత పైస దండుగ" అని మేడ్చల్ అంగట్ల ఎర్ర రెగ్జిన్ సంచి ఏరి తెచ్చినవ్. మస్తు అగ్గువకొచ్చిందని మురిసినవ్.

మొన్న లాల్‌గడి మలక్‌పేట్ల పెండ్లి ఫోటోలకు పోయిన. పెద్ద లెన్సు గా సంచిల పెట్టి గోడకు ఆనిచ్చిన. పెండ్లిపిల్ల సంచులు గూడ గసొంటియే, ఎర్రయే. నేనటు ఫోటోలు తీస్తుంటే, పిల్ల మేనత్త పసుపు కలిపిన ఒడిబియ్యం తెచ్చి, పిల్ల సంచే అనుకొని నా సంచిల గుమ్మరించింది! లెన్సు తీసుకుంటనని ఉరికితే అందరు నా మీదికొచ్చిన్రు. ఒడిబియ్యం అత్తగారింట్లనే తియ్యాల్నట, నడుమల ముడితే అపశకునమట. నా లెన్సు పెండ్లిపిల్లతోని కౌకూర్ పోయింది. దాని ఎనుక నేను బస్సుల పోయిన. ఇప్పుడు దాన్నిండ పసుపే, తిప్పితే కరకరమంటాంది.

గిదంత ఫోన్ల జెప్పుకుంటే "నువ్వే సూసుకోవాలె" అంటవా? సంచి సంచే అన్న నోరేనా అది?

ఇగ కొత్త బ్యాగు నేనే కుట్టిచ్చుకున్న. లోపల నున్నటి అస్తరు, భుజాల కాడ మందంగ దూది. లెన్సు పసిపిల్ల లెక్క పండుకున్నది. బట్టకు పైస ఖర్సు లేదు.

నా బీరువల నువ్వు దాసుకున్న నీ పెండ్లి కోటు కోసం ఇగ రాకు. బట్ట బట్టే గద తమ్మీ.

మీ అక్క