అసలుదో, ఉత్తిదో

జూన్ 2, సోమవారం

ఉదయం 7.10. మొదటి క్యాప్సూల్ మింగాను. సగం తెలుపు, సగం బూడిద రంగు. గ్లాసెడు మంచినీళ్ళు. ఇంకా ఎనభై మూడు రోజులు.

మోకాలి నొప్పికి కొత్త మందు, ఆసుపత్రిలో మూడో దశ పరీక్ష. మొత్తం నాలుగు వందల మందిమి. సగం మందికి అసలు మందు, సగం మందికి అదే రూపంలో ఏమీ లేని ఉత్తి మందు. ఎవరికి ఏది పడిందో మాకు తెలీదు, ఇచ్చే నర్సుకి తెలీదు, చూసే డాక్టరుకీ తెలీదు. ముప్పై ఒక్క ఏళ్ళు కాలేజీలో సంఖ్యాశాస్త్రం చెప్పినవాణ్ణి, ఇవన్నీ నాకొకరు చెప్పక్కర్లేదు. అయినా నర్సు ఇరవై నిమిషాలు చెప్పింది. అడ్డు తగలకుండా విన్నాను. నా ఓర్పు చూసి నాకే అనుమానం వేసింది.

ఎందుకు చేరానో ఇక్కడైనా నిజం రాయాలి. మేడ మీద నా పుస్తకాల గది ఉంది. పద్నాలుగు మెట్లు. ఎక్కి ఎనిమిది నెలలైంది. ఇది ఒక కారణం. రెండో కారణం, ఈ పరీక్ష నడిపే పెద్ద డాక్టరు. పదహారేళ్ళ కిందట ఆమె పరిశోధనకు పరీక్షకుల్లో నేనొకణ్ణి. ఇరవై మంది రోగుల్లో ఈ మందు పనిచేసిందని రాసుకొచ్చింది. "ఇది రుజువు కాదమ్మా, ఆశ. వందల మందిలో తేల్చుకుని రా" అన్నాను, అందరి ముందూ. ఆవిడ పదహారేళ్ళు పట్టి నిజంగానే తేల్చుకోవడానికి వచ్చింది. ఇందులో ఎక్కడో ఒక తప్పు ఉండే ఉంటుంది. లోపల కూర్చుంటే కనబడుతుంది.

నిర్ణయాలు:

1. నాకు పడింది అసలుదో ఉత్తిదో తెలుసుకునే ప్రయత్నం చేయను.
2. రోజూ సాయంత్రం ఆరింటికి నొప్పికి సున్నా నుంచి పదిలోపు ఒక అంకె, ఆలోచించకుండా వేస్తాను. వేసింది దిద్దను.
3. ప్రశ్నాపత్రాన్ని విమర్శించను.
4. ఎవరితోనూ పోట్లాడను.

మా ఆవిడ చదివింది. "నాలుగోది కొట్టేయండి. మిగతావైనా నాలుగు రోజులు నిలబడతాయి," అంది.

సాయంత్రం 6.00. నొప్పి: 7.

జూన్ 3, మంగళవారం

వారానికొకసారి నింపాల్సిన ముప్పై ప్రశ్నల కాగితం ఇవాళ మొదలు. కింద చిన్న అక్షరాల్లో, దీన్ని రెండు వందల మంది మీద పరీక్షించి సరిచూసినవాడి పేరు. మా కాలేజీ విభాగం పాత హెడ్డు. పదకొండేళ్ళుగా మాటల్లేవు.

ఆరో ప్రశ్న: మీ అంతట మీరు మేజోళ్ళు తొడుక్కోగలరా? నేను మేజోళ్ళు వేసుకోను. 'వర్తించదు' అనే గడి లేదు. తొమ్మిదో ప్రశ్న: మోకాలి వల్ల మీకు కోపం పెరిగిందా? నా కోపానికి మోకాలు ఏం చేస్తుంది, పాపం. పంతొమ్మిదీ ఇరవై రెండూ ఒకటే ప్రశ్న, మాటలు మార్చి అడిగారు. మనిషి నిలకడగా జవాబు చెప్తున్నాడా లేదా అని చూడటానికి. ఆ కిటుకు హెడ్డుకు నేర్పింది నేనే.

ఇదంతా మార్జిన్‌లో రాశాను. విమర్శ కాదు, వివరణ.

నొప్పి: 7.

జూన్ 6, శుక్రవారం

పోయిన శనివారం ఆసుపత్రిలో సీసాలు తీసుకునేటప్పుడు నా పక్క కుర్చీలో కూర్చున్నాయన ఫోన్ చేశాడు. రిటైరైన బస్సు డ్రైవరు. నన్ను చూడగానే మాస్టారని ఎలా పోల్చాడో, అప్పటినుంచీ అదే పిలుపు.

"మాస్టారూ, నాకు అసలు మందే పడిందండి."

"మీకెలా తెలుసు?"

"వేసుకున్న అరగంటకి కడుపులో చిన్న మంట. ఉత్తిదైతే మంటెందుకు పుడుతుందండీ?"

నవ్వుకున్నాను. మనుషులు ఇలాగే మోసపోతారు. ఒక మంట, ఒక మందు, మధ్యలో ఒక తాడు కట్టుకుంటారు. మొదటి నిర్ణయం చెక్కుచెదరలేదు.

నర్సు కూడా ఫోన్ చేసింది. మార్జిన్‌లో రాయకూడదట. పోట్లాడలేదు. గొంతు మాత్రం కొంచెం లేచింది.

నొప్పి: 6.

జూన్ 14, శనివారం

ఉదయం 10.20. మెట్లు ఎక్కాను.

పద్నాలుగూ. ఏడో మెట్టు దగ్గర ఆగాను, నొప్పికి కాదు, నమ్మకం కుదరక. గది తలుపు బిగుసుకుపోయింది, భుజంతో తోశాను. దుమ్ము. కిటికీ దగ్గర అట్ట వంగిపోయిన నిఘంటువు. సగంలో ఆపిన ఒక తత్త్వశాస్త్ర గ్రంథం నా కళ్ళజోడు పెట్టెను మింగి కూర్చుంది. మూడు గంటలు అక్కడే ఉన్నాను.

మా ఆవిడ కిందనుంచి, "దిగగలరా, నేను రానా?" అంది. దిగాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నట్టు అనిపించింది. ఉల్లిపాయలు తరుగుతోంది కాబట్టి ఖాయంగా చెప్పలేను.

నొప్పి: 3. సంతోషంలో 2 వేయబోయాను. అదుపు చేసుకున్నాను.

జూన్ 16, సోమవారం

ఆసుపత్రిలో రక్తం తీశారు. డ్రైవరు కూడా వచ్చాడు. బడి తెరిచిన దగ్గర్నుంచీ మనవరాలిని బడికి తనే నడిపించుకు వెళ్తున్నాడట. నాలుగు వీధులు.

"మీకూ మంట ఉందాండీ?" అని అడిగాడు.

"లేదు."

"అస్సల్లేదా?" అని నా వైపు జాలిగా చూశాడు. "పోన్లెండి మాస్టారూ. ఎవరికో ఒకరికి ఉత్తిది పడాలి కదా."

ఆ 'పోన్లెండి' ఇంటిదాకా నాతో వచ్చింది.

నొప్పి: 3. లేదా 4. రెండు అంకెలు వేయకూడదు కాబట్టి 4.

జూన్ 19, గురువారం

ఉదయం 7.10 నుంచి 8.40 దాకా కుర్చీలో కదలకుండా కూర్చుని మంట కోసం చూశాను. ఇది ప్రయత్నం కాదు. గమనించడం వేరు, ప్రయత్నించడం వేరు.

మంట రాలేదు. "ఏం చూస్తున్నారండీ పొట్టకేసి?" అంది మా ఆవిడ.

నొప్పి: 4.

జూన్ 21, శనివారం

రాయక తప్పదు. ఇవాళ్టి క్యాప్సూల్ మింగకుండా విప్పాను.

తెల్ల కాగితం మీద పొడి పోసి, వేలి కొనతో నాలుక మీద పెట్టుకున్నాను. తియ్యగా ఉంది.

పంచదార. మూడు వారాలు పంచదార మింగి మెట్లెక్కాను. ముసలి వెధవను, ఇంత చదువు చదివి.

మా ఆవిడకు చూపించాను. ఆవిడా నాలుక మీద వేసుకుంది. "తియ్యగా ఉంటే మందు కాదని ఎవరన్నారు? దగ్గుమందు తియ్యగా ఉండదా?" అంది. ఆవిడకు సంఖ్యాశాస్త్రం తెలీదు.

సాయంత్రం 5.15. మోకాలు పట్టేసింది. మేడ మీద నుంచి కూర్చుని కూర్చుని దిగాను, ఒక్కో మెట్టూ.

నొప్పి: 7.

జూన్ 24, మంగళవారం

ఉత్తి మందు ఎందుకు మింగాలి? ఇవాళ్టినుంచి మానేశాను. ఆదివారం, సోమవారం అంకెలు వేయలేదని గుర్తొచ్చి రెండూ ఇవాళే వేశాను. 8, 8. ఇవాళ్టిది కూడా 8. ఆలోచించకుండా వేశాను, అంతవరకు నియమం పాటించాను.

నిజానికి 6 ఉంటుంది. ఎక్కువ వేసిన రెండూ పెద్ద డాక్టరు ఖాతాలో వేశాను.

జూన్ 27, శుక్రవారం

డ్రైవరుకు ఫోన్ చేశాను. నాకున్న జ్ఞానంలో కొంత పంచుదామని.

"మీరూ ఒకటి విప్పి చూడండి," అన్నాను.

"వద్దులెండి. పాతికేళ్ళు బస్సు తోలాను. బండి నడుస్తున్నప్పుడు నేనెప్పుడూ బానెట్ ఎత్తలేదు."

"భయమా?"

ఆ ముక్క అనకుండా ఉండాల్సింది. పావుగంటకు తిరిగి చేశాడు. గొంతు మారిపోయింది.

"నాదీ తియ్యగానే ఉంది, మాస్టారూ."

రిసీవర్ చేతిలోనే ఉంది. అప్పుడు తట్టింది. అసలుదీ ఉత్తిదీ ఒకే రంగు, ఒకే బరువు, ఒకే రుచి ఉండేలా తయారుచేస్తారు. నాలాంటివాడు నాకి చూసినా తేడా దొరక్కుండా. ప్రతి ఏడూ మూడో పాఠంలో బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ఒక కుర్రాడు నిద్రపోతుంటే సుద్దముక్క విసిరాను కూడా, సరిగ్గా ఈ వాక్యం దగ్గరే.

ఆయనకు చెప్పాను. రుచిని బట్టి ఏమీ తెలీదండీ, తప్పు నాదండీ, అని.

"పెద్దవారు, ఓదారుస్తున్నారు. ఉంటానండి," అని పెట్టేశాడు.

జూన్ 28, శనివారం

డ్రైవరు నాలుగోసారికి ఫోన్ ఎత్తాడు. మోకాలు మళ్ళీ పట్టేసిందట. మనవరాలిని ఇవాళ వాళ్ళమ్మ తీసుకెళ్ళింది. పాప వీధి చివర రెండుసార్లు వెనక్కి తిరిగి చూసిందట.

"సోమవారం సీసా తిరిగిచ్చేసి వచ్చేస్తాను," అన్నాడు. "చిన్నపిల్లకు మాటిచ్చి, పంచదార నమ్ముకున్నానండీ."

ఆయనది అసలు మందే కావచ్చు. నాదీ కావచ్చు. ఇద్దరివీ ఉత్తివే కావచ్చు. ఏదైనా ఆయన నడిచేవాడు. నేను నోరు విప్పేదాకా నడిచాడు.

నొప్పి అంకె వేయలేదు. ఏ నొప్పికి వేయాలో తేలలేదు.

జూన్ 29, ఆదివారం

ఉదయం 11.00. రేపు నర్సు సీసా లెక్కపెడుతుంది. ముప్పైలో రెండు క్యాప్సూళ్ళు మిగలాలి. ఎనిమిది ఉన్నాయి. ఆరు అరచేతిలో పోసుకుని సింకు దగ్గర నిలబడ్డాను. కొళాయి తిప్పాను.

"ఏం చేస్తున్నారు?"

"లెక్క సరిచేస్తున్నాను."

మా ఆవిడ కొళాయి కట్టేసింది. "మీ హెడ్డు ఇలా అంకెలు సరిచేశారనే కదా ఆయనతో పదకొండేళ్ళు మాట్లాడలేదు? నాతో కూడా ఆయన కథే చెప్పారు భోజనాల దగ్గర, పదకొండేళ్ళూనూ."

"అది వేరు."

"ఏం వేరు? ఆయనకు మీసాలున్నాయి, అంతేగా. వెళ్ళి చెప్పి రండి. మీకోసం కాదు. పాపం ఆ డ్రైవరు గారి కోసం."

ఆరూ సీసాలో వేశాను. చేతికి తడి ఉండి ఒకటి కొద్దిగా మెత్తబడింది. అదీ చెప్పాలి.

జూన్ 30, సోమవారం

డ్రైవరు నాకన్నా ముందే వచ్చాడు. సీసా ఒళ్ళో పెట్టుకుని తలుపు వైపు కూర్చున్నాడు. నర్సును అడిగి ఇద్దరం కలిసి పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళాం.

పదహారేళ్ళలో ఆమె జుట్టు సగం నెరిసింది. లేచి నిలబడింది. నాకు అది మరీ కష్టమైంది.

మొత్తం చెప్పాను. విప్పడం, నాకడం, మానేయడం, ఒకేసారి వేసిన అంకెలు, కావాలని ఎక్కువ వేసినవి, సింకు. ఈయన చేత విప్పించడం. చివరికి, తప్పులు వెతకడానికే చేరానని కూడా. ఆమె మధ్యలో ఒక్కసారీ ఆపలేదు.

డ్రైవరు వైపు తిరిగింది. "రెండూ తియ్యగానే ఉంటాయండి. కావాలనే అలా చేయించాం. మీది ఏదో నాకూ తెలీదు. విప్పి చూసినా ఎవరికీ తెలీదు."

డ్రైవరు సీసాను చూశాడు. తర్వాత నన్ను.

"ఇది మీకు తెలీదా, మాస్టారూ?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ముప్పై ఒక్క ఏళ్ళు పాఠం చెప్పాను."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ముందు సన్నగా, తర్వాత కుర్చీ కదిలేలా. డాక్టరు కిటికీ వైపు చూస్తూ పెదవి బిగబట్టింది. నేను నేలకేసి చూశాను. ఎంతమందిని ఇలా నిలబెట్టానో లెక్క వేయబోయి, మానేశాను.

"నన్ను తీసేయమ్మా," అన్నాను. "నా అంకెలు కొట్టేయి. లేకపోతే నీ ఫలితం పాడవుతుంది."

"తీయను సార్. మిమ్మల్ని తీసేస్తే మందు మంచిదనిపిస్తుందో చెడ్డదనిపిస్తుందో నాకు తెలీదు. తీసేసే హక్కు ఇస్తే, నాకు ఇష్టంలేని వాళ్ళందర్నీ తీసేస్తాను. ముందు మిమ్మల్నే. ఎవరెవరు చేరారో అందరూ లెక్కలోనే ఉంటారు. మానేసినవాళ్ళూ, నాకినవాళ్ళూ. మీ అంకెలు అలాగే ఉంచి, పక్కన జరిగింది రాసుకుంటాం."

సొరుగులోంచి ఒక కాగితం తీసింది. నియమం తప్పినవాళ్ళు నింపేది.

"నా పరిశోధన మీద మీరు పదిహేడు పేజీలు తప్పులు రాసిచ్చారు. ఇది ఒక్క పేజీనే సార్. కూర్చుని రాయండి."

చివరి గడి: కారణం. 'పక్కవాడికి అసలుది పడి, నాకు ఉత్తిది పడిందేమోనన్న ఏడుపు' అని రాశాను. ఆమె చదివి, దిద్దకుండా సంతకం పెట్టింది.

బయటికొచ్చాక డ్రైవరు సీసా నర్సుకు ఇచ్చేసి వెళ్ళిపోతాడనుకుని నిలబడ్డాను. కొత్త సీసా తీసుకుని జేబులో వేసుకున్నాడు.

జూలై 1, మంగళవారం

ఉదయం 7.10. క్యాప్సూల్ మింగాను. విప్పకుండా.

నిర్ణయాలు, మళ్ళీ:

1. తెలుసుకునే ప్రయత్నం చేయను. గమనించడం కూడా ప్రయత్నమే.
2. అంకె ఆ రోజుది ఆ రోజే. ఎవరి మీద కోపమైనా సరే.
3. డ్రైవరుతో మోకాళ్ళ గురించి మాట్లాడను. రోజుకొక ఫోను చేసుకోవచ్చంది నర్సు, మింగారో లేదో చెప్పుకోవడానికి మాత్రమే.
4. ఖాళీ. మా ఆవిడ ఏమీ రాయనివ్వలేదు.

7.20. డ్రైవరు ఫోన్.

"వేసుకున్నారా, మాస్టారూ?"

"వేసుకున్నాను. మీరు?"

"వేసుకున్నానండి. ఉంటాను."

పెట్టేశాడు. పాప ఇవాళ బడికి ఎవరితో వెళ్తుందని అడగలేదు. అడిగితే అది మోకాలి ప్రశ్నే.

7.25. రిసీవర్ ఎత్తాను. మూడు అంకెలు నొక్కాను. పెట్టేశాను.

7.31. కిటికీ దగ్గరకి కుర్చీ జరుపుకున్నాను. బడికి వెళ్ళే పిల్లలు ఈ వీధిలోంచి వెళ్ళరు. అయినా కూర్చున్నాను.