కట్టెలు కొట్టేవాళ్ళకు విశ్రాంతి

హెర్నె, 9 మార్చి 1998

ఎలర్స్ కంప్యూటర్ ఆటల కంపెనీ వారికి,

అయ్యా, నమస్కారం. నా పేరు అల్ఫోన్స్ కుచార్స్కి. ముప్ఫై ఏళ్ళు బొగ్గుగనిలో చేశాను. అందులో సగం కాలం కార్మిక మండలి అధ్యక్షుడిగా యాజమాన్యం ప్రాణాలు తోడాను. రిటైరయ్యాక మా ఆవిడ ఇర్మ్‌గార్డ్ ప్రాణాలు తోడుతున్నానట. అందుకే మీ 'ఇనుప కిరీటాలు' యుద్ధం ఆట కొనిచ్చి, నన్ను కంప్యూటర్ ముందు కూలేసింది.

ఒక సంగతి అడగాలి. ఆటలో కట్టెలు కొట్టేవాళ్ళు ఉన్న చెట్టు అయిపోగానే గొడ్డలి దించి నిలబడిపోతారు. పక్కనే అడవంతా ఉన్నా, నేను చెప్పేదాకా కదలరు. సైనికులు వంతెన మీద ఒకరికొకరు అడ్డం పడి అక్కడే ఉండిపోతారు. పక్కన గోడ కూలిపోయి ఉన్నా శత్రువు మాత్రం ఉత్తరపు గేటుకే వస్తాడు. ఇదంతా మీకు తెలిసే జరుగుతోందా?

ఇట్లు,
అల్ఫోన్స్ కుచార్స్కి

తా.క. శత్రువు తట్టెడు బంగారం తవ్వకుండానే సైన్యాన్ని పెంచుకుంటున్నాడు. పన్ను కడుతున్నాడా?


బోహుమ్, 30 మార్చి

కుచార్స్కి గారికి నమస్కారాలు.

మీకు కలిగిన ఇబ్బందికి సిగ్గుపడుతున్నాం. కట్టెలవాళ్ళను బాగుచేసి డిస్కు పంపుతున్నాను. ఇకమీదట ఒక చెట్టు అయిపోగానే తమంతట తామే ఇంకో చెట్టుకు పోతారు. ఎక్కడా ఆగరు. వంతెన సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

భవదీయురాలు,
సిల్కె ట్యోనీస్

తా.క. ఇది ఆఫీసు మాట కాదు. ఈ డిస్కు కోసం నేను ఇల్లు వదిలి ఆఫీసులో బల్ల కిందే పడుకుంటున్నాను. మే నెలలో నా పెళ్ళి. ఆఖరి ఫిర్యాదు తీరేదాకా సెలవు లేదని మా యజమాని డాక్టర్ ఎలర్స్ తేల్చేశారు. ఆ ఆఖరి ఫిర్యాదు మీదే.


హెర్నె, 3 ఏప్రిల్

అమ్మా సిల్కె,

నేను ఫిర్యాదు చేశానా? మెచ్చుకుందామని అడిగానమ్మా! ఈ దేశంలో ఇన్నాళ్ళకు ఒక యజమాని పనివాళ్ళను ఊపిరి తీసుకోనిస్తున్నాడని, సైనికులు కూడా 'ముందు మీరు వెళ్ళండి' అనుకునే మర్యాదస్తులని మురిసిపోయాను. శత్రువైతే చెప్పిన గేటుకే వచ్చే పద్ధతి గల మనిషి. రోజూ కాఫీ తాగుతూ వాళ్ళను చూస్తూ కూర్చునేవాణ్ణి.

నీ డిస్కు పెట్టాక ఏమైంది? తిండీ నీళ్ళూ లేకుండా నరుకుతూనే ఉన్నారు. ఆదివారం కూడా! ఇర్మ్‌గార్డ్ వచ్చి చూసి, "పాపం, వాళ్ళకి ఇళ్ళూవాకిళ్ళూ లేవా ఏమిటండీ?" అంది. నాకు రక్తం మరిగింది. వాళ్ళ విశ్రాంతి వాళ్ళకు తిరిగి ఇప్పించేదాకా ఊరుకోను.

ఇట్లు,
అల్ఫోన్స్

తా.క. బల్ల కింద పడుకోవడమేమిటమ్మా? మా గనిలో గుర్రాలకు కూడా కొట్టం ఉండేది.


బోహుమ్, 9 ఏప్రిల్

కుచార్స్కి గారూ,

మీ ఉత్తరాన్ని డాక్టర్ ఎలర్స్ రెండో ఫిర్యాదుగా రాసుకున్నారు. ఇప్పుడు కట్టెలవాళ్ళకు భోజన విరామం, ఆదివారం సెలవు నేనే తయారుచెయ్యాలి. అది అయ్యేదాకా నాకు ఆదివారం లేదు. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే. పెళ్ళి వాయిదా వెయ్యమన్నారు. నన్ను చేసుకోబోయే యోర్గ్ అయితే "నీకంటే ఆ కట్టెలవాళ్ళలో ఒకర్ని చేసుకోవడం నయం, ఇకమీదట కనీసం ఆదివారమైనా ఇంట్లో ఉంటారు" అంటున్నాడు. నిన్న ఏడ్చేశాను.

మీకు దణ్ణం పెడతాను. ఇక మమ్మల్ని మెచ్చుకోకండి.

సిల్కె

తా.క. తిట్టకండి కూడా.


హెర్నె, 11 ఏప్రిల్

అమ్మా సిల్కె,

రాయవద్దన్నావు, రాయను. వచ్చే సోమవారం నేనే వస్తున్నాను. మా పాత గని జనం కూడా వస్తున్నారు.

అల్ఫోన్స్

తా.క. మీ గేటు ముందు మడత కుర్చీలు వేసుకోవడానికి చోటుందా? ఇర్మ్‌గార్డ్ బంగాళాదుంపల సలాడ్ చేస్తోంది. మీ ఆఫీసులో ఆవాలముద్ద తిననివాళ్ళుంటే కబురు చెయ్యి.


బోహుమ్, 25 మే

శ్రీ అల్ఫోన్స్ కుచార్స్కి గారికి,

నేను ఫోల్క్‌మార్ ఎలర్స్‌ని. ఆ సోమవారం సాయంత్రం మీ జనం గేటు ముందు సాసేజీలు కాల్చారు. ఆ వాసనకు మావాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చి, చేతిలో పళ్ళెం పట్టుకుని కూర్చున్నారు. మళ్ళీ లోపలికి రాలేదు. మరునాడు కార్మిక మండలి పెట్టుకున్నారు. నేను సంతకం చేశాను. చెయ్యకపోతే ఆ సలాడ్ నాకు దక్కేది కాదు.

సిల్కె పెళ్ళి అనుకున్న రోజుకే జరిగింది. మూడు వారాల సెలవులో ఉంది. అందుకని వంతెన పని నేనే చూద్దామని కూర్చున్నాను. సిగ్గుచేటు, మా ఆట నేను ఆడడం అదే మొదటిసారి. ఓడిపోయాను. మళ్ళీ ఆడాను, మళ్ళీ ఓడిపోయాను. నా సైనికులెవరూ నా మాట వినరు. కిటికీలోంచి చూస్తే అందరూ ఇళ్ళకు పోతున్నారు. కంపెనీ పెట్టినప్పటినుంచి నేనొక్క సెలవైనా తీసుకోలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడొస్తావని మా ఆవిడ హన్నెలోర అడగడం కూడా మానేసింది. ఆమెతో కలిసి ఒక్క వారం సముద్రపు ఒడ్డున గడపాలని ఉంది.

మీరు అనుభవజ్ఞులు. నా తరఫున కాస్త మాట్లాడి పెడతారా?

విధేయుడు,
ఫోల్క్‌మార్ ఎలర్స్

తా.క. సెలవు మంజూరు చెయ్యాల్సింది నేనే. కానీ నన్ను అడగాలంటే నాకు భయంగా ఉంది.