నాలుగు రెట్ల గాజు

మే 6

జంతువుల్ని కాపాడుతూ, లెక్కప్రకారమే వేటాడే మా కన్జర్వెన్సీలో వేటగాడి ఉద్యోగం ఒక్కటే ఖాళీ. జూన్ 2న పరీక్ష. ఒక మగ ఒరిక్స్‌ను, అంటే పొడవాటి కొమ్ముల జింకను, ఒకే తూటాతో, పొద్దు కొండ వెనక్కి దిగేలోగా పడగొట్టాలి. పరీక్ష పెట్టేది గారిసెబ్ తాత. నలభై ఏళ్లుగా ఈ లోయలో అడుగుజాడలు చదువుతున్న మనిషి. నేను పరీక్ష తప్పితే పట్నం నుంచి ఎవరినో తెస్తారట. రెండేళ్లు ఈ లోయ జంతువుల గురించే చదివాను. పట్నం వాడికి వదలను.

మే 8

స్టోర్ తాళాలు కవారి మావయ్య దగ్గరుంటాయి. ఒక రైఫిల్, దాని మీద బిగించి గురి చూసే గాజులు, రెండు స్కోప్‌లు, బల్ల మీద పెట్టాడు. ఒకటి ఫిక్స్‌డ్. ఎప్పుడు చూసినా నాలుగు రెట్లే. నలుపు పోయి లోహం తెలుస్తోంది. రెండోది కొత్తది, వేరియబుల్. రింగు తిప్పితే నాలుగు నుంచి పదహారు దాకా. పాతది నా పెళ్లినాటిది, దాన్నీ మీ అత్తనీ మార్చే వీల్లేదు అన్నాడు మావయ్య. లోపలి నుంచి అత్త, ఆ తాళాలు ఇటివ్వు, నేనే మారుస్తాను అంది.

కొత్తదాన్ని పదహారుకు తిప్పి చూశాను. అవతలి గుట్ట మీది పక్షి కన్ను కనిపించింది. వేరియబుల్ తీసుకున్నాను. ఆలోచించడానికి ఏముంది?

మే 9

ప్రాక్టీసుకు తూటాలు పన్నెండు. స్కోప్ గురి సరిచేయడానికి మూడు పోయాయి. మూడూ కాగితం మీద ఒకదాన్నొకటి తాకుతున్నాయి. పొంగిపోయాను.

మే 15

ఫీల్డ్ ఆఫ్ వ్యూ. స్కోప్‌లో ఒకేసారి ఎంత మేర కనిపిస్తుందో చెప్పే మాట. మావయ్యకు పది నిమిషాలు వివరించాను. అంటే దొడ్డి ఎంత పెద్దదని కదే అన్నాడు. అంతే! నాలుగు దగ్గర మంద మొత్తం దొడ్డిలో పడుతుంది. పదహారు దగ్గర ఒక్క పశువు, అదీ తోక బయట. నా పుస్తకంలో ఇంత మంచి మాట ఒక్కటీ లేదు.

మే 20, సాయంత్రం

రాయడానికి సిగ్గుగా ఉంది. రాస్తాను.

తాత నన్ను ఎండిన ఏటి వెంట తీసుకెళ్లాడు. రైఫిల్‌లో తూటా లేదు, ఉత్త గురి మాత్రమే. ఒరిక్స్‌లలో ఆడదానికీ కొమ్ములుంటాయి. మగదానివి మందం, ఆడదానివి సన్నం. పదహారు మీద మందపాటి కొమ్ముల్ని గురిలో పట్టుకున్నాను. చెమట తుడుచుకుని మళ్లీ కన్ను ఆనించాను. భుజం కనిపించింది. మీట నొక్కాను. టిక్.

దేన్ని కొట్టావు అన్నాడు తాత. మగదాన్ని అన్నాను. కన్ను తీసి చూడు అన్నాడు. నా గురిలో ఉన్నది ఆడది. పొట్ట కింద దూడ. మగది పది అడుగుల అవతల గడ్డి మేస్తోంది. ఆ మధ్యలో ఆడది నడిచి రావడం నాకు కనిపించనే లేదు.

ఇప్పుడు ఆ దూడకు పాలు నువ్విస్తావా అన్నాడు.

మే 21

మావయ్యను పాత స్కోప్ అడిగాను. పిచ్చి పట్టిందా, కొత్తదాన్నే నాలుగు దగ్గర పెట్టుకో, ఎవరు కాదన్నారు అన్నాడు. నా చెయ్యి ఊరుకోదు మావయ్యా, కొమ్ములు చూడాలనిపించగానే తిప్పేస్తుంది అన్నాను. మరి దీంతో దూరం నుంచి కొమ్ములెలా చూస్తావే అన్నాడు. అయినా తెచ్చుకున్నాను.

గురి మళ్లీ సరిచేశాను. మూడు తూటాలు. ఇదివరకటి ప్రాక్టీసుకు నాలుగు పోయాయి, ఇక మిగిలినవి రెండు.

మే 28

రోజంతా పాకడం. తూటా వాడలేదు.

జూన్ 2

మధ్యాహ్నం మూడు దాటాక దొరికాయి. ఐదు ఒరిక్స్‌లు, రెండు వందల ముప్పై మీటర్లు. గాలి మా వైపే వీస్తోంది. నాలుగు రెట్లలో ఐదూ ఉన్నాయి, కొమ్ములు మాత్రం వెంట్రుకల్లా ఉన్నాయి. ఎడమ చివరిది మగదని నా నమ్మకం. నమ్మకమే.

ఇక్కణ్ణుంచి అందుతుందిగా, కొట్టు అన్నాడు తాత. మగదో కాదో తెలియడం లేదు అన్నాను. ఆ కొత్త గాజు ఉంటే తెలిసేది కదా తల్లీ అన్నాడు, గిల్లుతున్నట్టు. అందుకే దగ్గరికి వెళ్తున్నా అన్నాను. పొద్దు నీకోసం ఆగదు అన్నాడు.

రైఫిల్‌ను మోచేతుల మీద వేసుకుని పాకాను. నేలంతా ముళ్లు. ఒకటి తల ఎత్తితే నేను రాయిని. అది దించితే మళ్లీ మోకాలు. గంట పట్టిందో ఎక్కువో. ఎనభై మీటర్ల దగ్గర ఒక చెదలపుట్ట వెనక ఆగి చూశాను.

ఎడమ చివరిది ఆడది.

మగది మధ్యలో ఉంది, దాని వెనక ఇంకొకటి. తూటా దూసుకుపోతే రెండూ పోతాయి. ఆగాను. వెనకది కదల్లేదు. నా నీడ సాగి పుట్ట ఎక్కుతోంది. అయినా ఆగాను. వెనకది విసుగొచ్చినట్టు నడిచి పక్కకు వచ్చింది. అది రావడం మొత్తం చూశాను.

కాల్చాను. మగది ముప్పై అడుగులు పరిగెత్తి కూలింది.

తాత మెల్లగా వచ్చాడు. ముందు కొమ్ముల్ని చేత్తో పట్టి చూశాడు. తర్వాత కొండ వైపు చూశాడు. పొద్దు ఇంకా దాని అంచు మీదే ఉంది. వేటగాళ్ల రిజిస్టర్ తీసి మోకాలి మీద పెట్టుకుని నా పేరు అడిగాడు, తెలియనట్టు. విజాండా అన్నాను. అక్షరం అక్షరం పలుకుతూ రాశాడు.

జూన్ 3

మోకాళ్ల నుంచి అత్త పదకొండు ముళ్లు తీసింది. ఒకటి లోపలే ఉంది. ఉండనీ.