తాళం తిప్పమన్నాడు అన్నయ్య

దాచేపల్లి, 1987 మే, ఆదివారం

ఇవాళ అన్నయ్యా నేనూ ఇంటి ముందే కారు ఏసీ కంప్రెసర్ క్లచ్ మార్చాం. కొత్తది బిగించి, అన్నయ్య బానెట్లోకి వంగి "తాళం తిప్పరా" అన్నాడు.

నేను తాళం మీద చెయ్యేసి ఆగాను. ఆరేళ్ళ కింద అన్నయ్య లారీకి బెల్టు వేస్తుంటే, ఆయన చెప్పకముందే తిప్పాను. ఆయనకి రెండు వేళ్ళు పోయినయ్. ఇంజను ఆపకుండా తనే చెయ్యి పెట్టానని ఇంట్లో అందరికీ చెప్పాడు.

"ఏందిరా, తిప్పు."

"ముందు చేతులు పైకెత్తు అన్నయ్యా."

ఎత్తాడు. ఎనిమిది వేళ్ళు. అప్పుడు తిప్పాను. ఏసీ వెయ్యగానే క్లచ్ టక్కున పట్టింది, చల్లగాలి వచ్చింది.

వదిన పిల్లల్ని సీట్లో కూర్చోబెట్టి, "మీ బాబాయి చెయ్యి పడితే ఏదైనా బాగైపోద్ది" అంది.

అన్నయ్య గుడ్డతో చేతులు తుడుచుకుంటానే ఉన్నాడు, చానాసేపు...