కాటమ్మ కూర్చుని చెప్పిన పేరు

చిరంజీవి వనితకు, మీ ఊరి భజన తాత ఆశీస్సులు.

మీ అమ్మమ్మ నోరు మూసే హక్కు నీకెవరిచ్చారమ్మా?

వెట్టి చేసిన ముసలివాళ్ల మాటలు అప్పట్లో నేను భజన టేపురికార్డరులోనే క్యాసెట్లకు ఎక్కించాను. చరిత్ర రాసేవాళ్లకు పనికొస్తాయని యూనివర్సిటీ వాళ్లు వాటికోసం సూర్యాపేట వచ్చారు. మీ అమ్మమ్మ కాటమ్మ క్యాసెట్ మాత్రం తీసుకోవద్దని నువ్వు వాళ్లకు ఫోన్ చేశావట. దొర మనవడు శశిధర్ చెప్పించాడని, మీ ఆయన మిర్యాలగూడలో అతని మిల్లులోనే పనిచేస్తున్నాడని నాకు తెలుసు. నీ భయం అర్థమైంది, కానీ ఒప్పుకోను.

దొర మాట ఎత్తాలంటే మనవాళ్లు లేచి నిలబడేవారు. దొర పోయినా ఆ అలవాటు పోలేదు. క్యాసెట్ ఎక్కించిన రోజు మీ అమ్మమ్మ కూడా లేవబోయి ఆగింది. "ఇయ్యాల కూసునే చెప్త" అని దొరను పేరు పెట్టి చెప్పింది. "బాలింతనని సూడకుంట నాతోని వడ్లు దంచిచ్చిండు" అంది.

మొన్న శశిధర్ వచ్చి, "పాతయి తవ్వుడెందుకు తాతా, భజన మందిరానికి స్లాబ్ ఏపిస్త" అన్నాడు. "మీ తాత దంచిచ్చిన వడ్ల పైసలతోని ఏసే నీడ దేవునికెందుకు బిడ్డా" అన్నాను.

నేను బడికి పోలేదు, పురాణాలతోనే అక్షరాలు దిద్దుకున్నాను. కౌరవ సభలో పెద్దలు మౌనంగా ఉన్నందుకే ఆ వంశం నాశనమైందని ఊరూరా చెప్తాను. నన్నూ అట్లా ఉండమంటావా?

కాటమ్మ ఇప్పుడు లేదు కనుక, మనవరాలివి నువ్వు ఒప్పుకుంటేనే యూనివర్సిటీ వాళ్లు ఆ క్యాసెట్ తీసుకుంటారట. ఈ సాయంత్రమే వెళ్లిపోతారు. నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు కనుక బిక్షంతో ఈ ఉత్తరం పంపాను. అతని ఆటో నీ గుమ్మం ముందుంది. ఇప్పుడే ఎక్కి సూర్యాపేట రా.